సీమకు సొంత బోర్డు, సొంత నిధులు: కావాలా, వద్దా?

హంద్రీగట్టు:
సూటిగా అడుగుతున్నాను. రాయలసీమకు చట్టబద్ధమైన అభివృద్ధి బోర్డు ఎందుకు ఉండకూడదు? బడ్జెట్‌లో దాని వాటా ఇంత అని రాసిపెట్టాలి. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో బోర్డే తేల్చుకోవాలి. చెరువు తూముకు కూడా ఫైలు పట్టుకుని అమరావతి వెళ్లే ఖర్మ తప్పాలి.

ప్యాకేజీలు చూసేశాం. 2014 విభజన చట్టం సెక్షన్ 46లో సీమకూ ఉత్తరాంధ్రకూ ప్రత్యేక సాయం అన్నారు. ఒడిశాలో వెనుకబడిన కోరాపుట్-బలంగీర్-కలహండి (కేబీకే)కి, బుందేల్‌ఖండ్‌కు ఇచ్చిన ప్యాకేజీల తరహాలో అని పార్లమెంటులో మాటిచ్చారు. తీరా వచ్చింది జిల్లాకు ఏడాదికి 50 కోట్లు. ఏడు జిల్లాలకు 350, మూడేళ్లకు 1,050 కోట్లు. 2018 ఫిబ్రవరిలో ఇంకో 350 కోట్లు వేసి, వెంటనే వెనక్కి లాగేసుకున్నారు. పెళ్లిలో విస్తరి వేసి, కూర్చున్నాక తీసేసినట్టు.

మంత్రాలయం దగ్గర తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. 2012 రాజ్యాంగ సవరణతో వాళ్లకు 371జె వచ్చింది, అంటే ఆ వెనుకబడిన ప్రాంతానికి బోర్డు, చదువుల్లో ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇచ్చే అధికరణం. 2023-24 బడ్జెట్‌లో ఆ కల్యాణ కర్ణాటక బోర్డుకు 5,000 కోట్లు పెట్టారు. ఏటికి అటూ ఇటూ అదే కరువు. వాళ్లది హక్కు, మనది అడుక్కోవడం.

గుత్తికోట:
మళ్లీ మొదలెట్టారా సామీ.

సర్పంచమ్మ:
నేను ఒప్పుకోను. అమరావతిలో ఉన్న తాళంచెవి కర్నూలుకో కడపకో తెస్తే మా ఊరికి ఏం ఒరుగుతుంది?

అధికారం కిందికి రావాలంటే రాజ్యాంగంలోనే దారి ఉంది. 73వ సవరణ, పదకొండో షెడ్యూలు, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు. మా పంచాయతీ చేతికి వచ్చినవి మాత్రం చెత్తబండి, వీధి దీపాలు.

నేను సర్పంచ్‌గా ఉన్నప్పుడు జరిగింది చెప్తాను. ఆర్థిక సంఘం డబ్బు ఎనిమిది లక్షల చిల్లర పంచాయతీ ఖాతాలో పడింది. ఎస్సీ కాలనీలో కాలువకు తీర్మానం రాసి అందరితో సంతకాలు పెట్టించాను. రెండో వారం చూస్తే ఖాతాలో వేలు మాత్రమే మిగిలాయి. బోరు మోటార్లు, వీధి దీపాల కరెంటు బకాయి కింద పైనుంచే తీసేశారట. నన్ను అడగలేదు, నా సంతకం లేదు. కాలువ తవ్విన మేస్త్రీకి నా గాజులు కుదువపెట్టి కూలి ఇచ్చాను. ఇప్పుడు మీరు మధ్యలో ఇంకో ఆఫీసు అంటున్నారు.

హంద్రీగట్టు:
అక్కా, మీ బాధ నిజమే. కానీ నేను అడిగింది 350 కోట్ల గురించి. అది ఏ లెక్కన వెనక్కి పోయిందో ఎవరైనా చెప్పగలరా?

పలాసకాజు:
ఆ ఏడు జిల్లాల్లో మూడు మావి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ. మీకు బోర్డు వస్తే మాకూ రావాలి కదా. వలసలు మీకే ఉన్నట్టు మాట్లాడతారేటి.

బళ్ళారి మామ:
నేను ఆ 371జె కిందే బతుకుతున్న తెలుగోణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. డబ్బు వస్తుంది, అబద్ధం లేదు. మా వీధిలో బడి గదులు బోర్డు డబ్బుతోనే కట్టారు. రంగులేసి బోర్డు పేరు తలుపంత అక్షరాలతో రాశారు. లోపల లెక్కల టీచరు లేడు, ఎందుకంటే టీచర్ను వేసేది బోర్డు కాదు, విద్యాశాఖ. గోడ బోర్డుది, మనిషి బెంగళూరుది.

కానీ ఒక్కటి. మా అమ్మాయికి మెడికల్ సీటు వచ్చింది 371జె సర్టిఫికెట్‌తోనే. మీరు 5,000 కోట్లు చూస్తున్నారు గానీ, మా ఇళ్లలో అందరూ జాగ్రత్తగా దాచుకునేది ఆ కాగితం.

గిద్దలూరు టేకు:
ఇంతకీ సీమ అంటే ఎక్కడిదాకా? మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. ప్రకాశం జిల్లా చేసి మమ్మల్ని కోస్తాలో కలిపారు. కోస్తా అన్నందుకు ఆ 50 కోట్లూ రాలేదు, సీమ కాదన్నందుకు మీరూ పిలవరు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం చూసి చూసి మా నాన్న పోయాడు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట మీ లెక్కలో సీమా? నెల్లూరు నుంచి వచ్చింది కదా. శ్రీహరికోట పక్కూరు సీమ అయితే మేమేం పాపం చేశాం?

హంద్రీగట్టు:
పాత నాలుగు జిల్లాలు. అంతే. గీతలు తర్వాత చూసుకోవచ్చు.

గిద్దలూరు టేకు:
తర్వాత చూసుకుందామనే 1970లో కూడా అన్నారు.

ఏడుకొండలు:
బోర్డు ఆఫీసు ఎక్కడ? తిరుపతే కదా, విమానాశ్రయం ఉంది.

కొండారెడ్డి బురుజు:
కర్నూలు. 1953లో రాజధాని, మూడేళ్లకే ఊడబెరికారు. మొదటి హక్కు మాది.

గడియారం స్తంభం:
అనంతపురానికి వాన తప్ప అన్నీ తక్కువే అనుకున్నా. వాన కూడా తక్కువే. కాబట్టి మాకే.

నకిరేకల్ అన్న:
మీరు అడుగుతున్నది మా పెద్దోళ్లు చూసేసిన్రు. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణకు ప్రాంతీయ మండలి అన్నరు. 1958 నుంచి తెలంగాణ ఎమ్మెల్యేలతో ప్రాంతీయ కమిటీ నడిచింది. చదువు, వైద్యం, స్థానిక పాలన వంటివి దాని ముందుకొచ్చేవి. ఖజానా మాత్రం దాని చేతిలో లేదు. తెలంగాణ మిగులు నిధులు ఎటు పోయినయో తేల్చడానికి 1969లో లలిత్ కమిటీ వెయ్యాల్సి వచ్చింది. 1973ల కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకం తర్వాత ఆ ప్రాంతీయ కమిటీనే ఎత్తేసిన్రు. పైసలు మీ సంతకంతో కదలకపోతే అది బోర్డు కాదు, టీ తాగే గది.

హంద్రీగట్టు:
అందుకే చట్టబద్ధం అంటున్నది! ఎవరూ చదవకుండా రాస్తారు.

సర్పంచమ్మ:
చట్టం ఉంటే చాలా? మూడు రాజధానుల కోసం తెచ్చిన 2020 వికేంద్రీకరణ చట్టంలో జోన్లవారీ ప్రణాళిక బోర్డులు ఉన్నాయి. 2021 నవంబర్‌లో చట్టాన్నే రద్దు చేశారు. రాసిన చేతే కొట్టేసింది. ఇంకోటి వినండి. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 చేశారు. కలెక్టర్లు రెట్టింపయ్యారు. జిల్లా పరిషత్తులు మాత్రం ఆ 13 పాతవే. ఓటుతో వచ్చే కుర్చీ పెరగదు, జీవోతో వచ్చే కుర్చీ పెరుగుతుంది. మీ బోర్డు ఏ రకం కుర్చీ?

హంద్రీగట్టు:
అక్కా, శ్రీశైలం నుంచి సీమకు నీళ్లు వదిలే పోతిరెడ్డిపాడు గేట్లు మీ గ్రామసభ ఎత్తుతుందా? శ్రీశైలం నీటిమట్టం 854 అడుగుల కిందికి దిగితే సీమకు వచ్చేది పేరుకే. మీ పంచాయతీ తీర్మానం రాస్తే నీళ్లు పైకెక్కుతాయా? వీధి దీపాల బిల్లు దగ్గరే ఆగిపోయారు మీరు.

సర్పంచమ్మ:
వీధి దీపాలంటే మీకు అంత అలుసా? వేరే రాష్ట్రం కావాలని ఉంటే ఆ మాటే అనండి. బోర్డు పేరు చెప్పి తిప్పుడు మాటలెందుకు?

గుత్తికోట:
అయిపోయింది. అడ్మిన్ ఎక్కడ?

హంద్రీగట్టు:
రాష్ట్రం గురించి నేను ఒక్క మాట అనలేదు. అన్నట్టు చూపించండి, ఖాతా మూసేసి వెళ్లిపోతాను.

మాది శ్రీశైలం ముంపు ఊరు. 1981లో ఖాళీ చేయించారు. నాకప్పుడు ఆరేళ్లు. మా జేజి తులసికోటలో మట్టి చీరకొంగులో మూటగట్టుకుని ట్రాక్టరెక్కింది. పరిహారం కాగితాల కోసం మా నాయన ఒక ఆఫీసు చుట్టూ పదకొండేళ్లు తిరిగాడు. ఏప్రిల్, మేలో నీళ్లు తగ్గినప్పుడు మా గుడి గోడ కనపడుతుంది. ఆ నీళ్లు మా ఊరి మీదుగా కిందికి పోతాయి, మాకు తాగడానికి ట్యాంకరు వస్తుంది. కోస్తా, సీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒప్పందంలో కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకూ నెల్లూరుకూ పదేళ్లు మొదటి హక్కు అన్నారు. కృష్ణా నీళ్ల పంపకం చూసే కృష్ణా బోర్డు ఆఫీసు విశాఖలో పెట్టాలని మన రాష్ట్రమే ప్రతిపాదించింది. విశాఖలో కృష్ణ ఎక్కడ పారుతుందో చెప్పండి. నాకు డబ్బు రెండో మాట. ఈ నీళ్లు ఎవరివని అడిగితే జవాబు చెప్పే మనిషి ఒకడు ఇక్కడ ఉండాలి.

సర్పంచమ్మ:
తమ్ముడూ, ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నా మాటా వినండి. 2013లో నేను మొదటిసారి నామినేషన్ వేయబోయాను. మండలాఫీసు గేటు ముందే నా చేతిలో కాగితాలు లాక్కుని చించేశారు. చించినవాడు విజయవాడ నుంచి రాలేదు. మా ఊరి పెద్దింటి మనిషి, చిన్నప్పుడు నేను అన్నా అని పిలిచినవాడు. పోలీసులు అక్కడే ఉన్నారు. 2021లో గెలిచాను, అప్పుడూ కుర్చీ మీద కూర్చోవడానికి నాలుగు నెలలు పట్టింది. మీరు బోర్డు పెడితే అందులో కూర్చునేది ఆ ఇంటివాళ్లే. అమరావతిలో ఉన్నాయన నాకు తెలియదు, ఆయనకు నేనూ తెలియదు. ఈయనకు మా ఇల్లు తెలుసు. నా భయం అదీ.

బళ్ళారి మామ:
ఇంతసేపటికి ఒక నిజం బయటికొచ్చింది. ఇక్కడా అంతే తల్లీ, బోర్డు పనుల కాంట్రాక్టులు ఎవరికి పోతాయో టెండరు పడకముందే టీ కొట్లో చెప్తారు.

హంద్రీగట్టు:
రాత్రంతా ఇదే ఆలోచించాను. నామినేటెడ్ పదవి కాకుండా నేరుగా ఓట్లతో ఎన్నుకుంటే? నిధుల్లో సగం పంచాయతీలకే, మధ్యలో ఎవరూ ముట్టుకోకుండా?

సర్పంచమ్మ:
ఓట్లు అంటే ఖర్చు. నాలుగు జిల్లాలకు పోటీ చేయగలిగేది ఎవరో మీకూ తెలుసు. అయినా గేట్ల సంగతి, నది సంగతి మీ బోర్డుకు వదిలేస్తాను. మా ఊరి కొళాయి, కాలువ, బడి మాత్రం ముట్టుకోవద్దు. పంచాయతీ ఖాతాలోంచి రూపాయి కదలాలంటే సర్పంచ్ వేలిముద్ర పడాలి అని మొదటి సెక్షన్‌లో రాయండి. అప్పుడు సంతకం పెడతాను.

నకిరేకల్ అన్న:
మొదటి సెక్షన్ల రాయిన్రి, చివరి సెక్షన్ల "ప్రభుత్వం తలచినచో" అని లేకుండా చూసుకోన్రి.

గిద్దలూరు టేకు:
మా సంగతి ఎవరూ చెప్పలేదు.

ఏడుకొండలు:
ఆఫీసు తిరుపతే.

కొండారెడ్డి బురుజు:
కర్నూలు.