ఆయుధం హక్కా, ప్రభుత్వం దయతో ఇచ్చే అనుమతా?

గట్టుమీది_రైతు:
నా ప్రాణం నాది. దాన్ని కాపాడుకునే హక్కూ నాదే. మనిషి స్వేచ్ఛలో రాజ్యం వీలైనంత తక్కువ జోక్యం చేసుకోవాలనే లిబర్టేరియన్ వాదం మొదలయ్యేది ఇక్కడే. ఎవరి జోలికీ పోనంత కాలం నా ఇంట్లో తుపాకీ ఉండటం నేరం ఎలా అవుతుంది? 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధాల చట్టంలో తెల్లవాళ్లకు మినహాయింపు, మనకు లైసెన్సు. 1959 ఆయుధాల చట్టంలో ఆ తేడా పోయింది, చెయ్యి చాచి అడగడం మాత్రం పోలేదు.

కోర్టు_మెట్లు:
2019 సవరణ తర్వాత ఒకరికి రెండు ఆయుధాలే. అంతకుముందు మూడు.

గట్టుమీది_రైతు:
రెండా మూడా అన్నది కాదండీ ఇక్కడ ప్రశ్న.

కోర్టు_మెట్లు:
అదే ప్రశ్న. మొదట బిల్లులో పెట్టింది ఒక్కటే. అభ్యంతరాలు వచ్చాక రెండు చేశారు. అభ్యంతరం చెప్పినవాళ్లలో మీలాంటి రైతులు ఎంతమంది?

మానేరు_ఒడ్డు:
ఎవరి రక్షణ వాళ్లు చూసుకోవడంతో మొదలైనా, చివరికి ఒక బలమైన సంస్థ మిగతావాళ్లను అదుపు చేస్తుందని, రక్షణ మాత్రమే చూసే కనీస రాజ్యం అలాగే పుడుతుందని లిబర్టేరియన్ తత్వవేత్త నాజిక్ 1974లోనే వాదించాడు. ఆయనా మీవాడే కదా.

గట్టుమీది_రైతు:
ఆ రాజ్యం నన్ను కాపాడుతోందా? మా వేరుశనగ చేను అడవి పక్కనే. పందులు రాత్రికి రాత్రి దున్నేస్తాయి. పంట కాపలాకు మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షనే చెబుతోంది. నా అర్జీ ఏళ్లుగా ఆఫీసులో పడి ఉంది. మా ఊరి నాయకుడి అనుచరుడికి మాత్రం వెంటనే వచ్చేసింది.

శ్రీలత_77:
పందుల్ని కాల్చాలంటే వన్యప్రాణి చట్టం కూడా ఉందండీ.

మానేరు_ఒడ్డు:
మీరే చెప్పారు, అనుచరుడికి వచ్చిందని. లైసెన్సు ఎత్తేస్తే అతని ఇంట్లో ఇరవై ఉంటాయి. మా తాత ఊళ్లో తుపాకులు గడీలోనే ఉండేవి. తాత చేతిలో కర్ర. కూలి పెంచమని అడిగిన రోజు ఆయన్ని కొట్టింది పోలీసులు కాదు.

గట్టుమీది_రైతు:
మరి ఆయన దగ్గరా తుపాకీ ఉంటే కొట్టేవాళ్లా? 1946లో మొదలైన తెలంగాణ పోరాటంలో జనం లైసెన్సు అడిగారా? వడిసెలలతో మొదలుపెట్టి తుపాకులు పట్టారు.

మానేరు_ఒడ్డు:
తాతను అడ్డం పెట్టి వాదించకండి! ఆ తుపాకులు సంఘం చెప్పినట్టు నడిచాయి. మీరు అడిగేది డబ్బున్నవాడు కొనుక్కునే తుపాకీ. ఆఫీసరు మీకు శత్రువు. నాకు శత్రువు ఊరి పెద్దమనిషి. ఆ మనిషిని ఆపేవాడు ఒకడుండాలి, వాడు చెడ్డవాడైనా సరే.

గట్టుమీది_రైతు:
ఏ పెద్దమనిషిని ఆపారు? ఆపింది నన్ను.

కోర్టు_మెట్లు:
తిరస్కరించినట్టు కాగితం ఇచ్చారా? ఉంటే 18వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లొచ్చు.

గట్టుమీది_రైతు:
కాదనీ చెప్పలేదు, ఔననీ చెప్పలేదు. దేని మీద వెళ్లమంటారు అప్పీలుకు?