తరగతిలో తెరను ఎప్పుడు వెలిగించాలి, ఎప్పుడు ఆర్పాలి? ఫ్రెంచ్ బోధనలో ఆన్‌లైన్ వనరుల గురించి

ప్రశ్న (ఉన్నత పాఠశాల ఫ్రెంచ్ ఉపాధ్యాయురాలు)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఫ్రెంచ్ బోధిస్తున్నాను. యూరోపియన్ ఉమ్మడి భాషా ప్రమాణాల ప్రకారం చూస్తే వారిలో ఎక్కువ మంది ఎ1 అనే తొలి స్థాయిలో ఉన్నారు, కొందరు దాని పై మెట్టు ఎ2కు చేరువలో ఉన్నారు. ఇటీవల మా తరగతి గదికి ప్రొజెక్టరు, స్పీకర్లు, ఇంటర్నెట్ కనెక్షను వచ్చాయి. పిల్లల చేతిలో ట్యాబులు గానీ ఫోన్లు గానీ ఉండవు. తెర ఒక్కటే, దాని మీట నా చేతిలోనే ఉంటుంది.

వనరులకు కొరత లేదు. వీడియోలు, పాటలు, ఆన్‌లైన్ అభ్యాసాలు వెదకడం మొదలుపెడితే అంతు దొరకడం లేదు. నన్ను కలవరపెడుతున్న విషయం వేరు. 40 నిమిషాల పీరియడ్‌లో వీడియో చూపించి, దాన్ని వివరించి, క్విజ్ పెట్టేసరికి గంట కొడుతుంది. పిల్లలు ఉత్సాహంగానే చూస్తారు, సరైన సమాధానాలే ఎంచుకుంటారు, అయినా ఆ పీరియడ్‌లో ఒక్కొక్కరు ఫ్రెంచ్‌లో ఎన్ని వాక్యాలు పలికారని చూస్తే చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు. అలాగని తెరను పక్కన పెట్టడానికి మనసొప్పదు, ఎందుకంటే నా గొంతు తప్ప మరో ఫ్రెంచ్ గొంతు వినే దారి ఈ పిల్లలకు తరగతిలో వేరే లేదు.

ఏ వనరును ఏ పనికి వాడితే పిల్లలు మాట్లాడే సమయం తగ్గకుండా ఉంటుందో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను. ఇతర సబ్జెక్టుల ఉపాధ్యాయుల అభిప్రాయాలు కూడా నాకు ఉపయోగపడతాయి.

మొదటి జవాబు (ఫ్రెంచ్ అధ్యాపకుడు)

మేడమ్, ఉపాధ్యాయుడు ఒక్కడుగా ఇవ్వలేనిది ఏమిటో ముందుగా తేల్చుకొని, ఆ పనికే తెరను వాడాలన్నది నేను పాటించే నియమం. క్రియారూపాలను నల్లబల్ల మీద రాసి వివరించడానికీ, ఇద్దరు విద్యార్థుల చేత సంభాషణ చేయించడానికీ మనకు ఏ పరికరమూ అక్కర్లేదు. కానీ పారిస్ వాసి, మాంట్రియల్ వాసి, డాకర్ వాసి ఒకే వాక్యాన్ని ఎలా పలుకుతారో మన గొంతుతో వినిపించలేం. 70 అనే సంఖ్యను ఫ్రాన్స్‌లో ‘స్వసాంత్ దిస్’ అనీ, బెల్జియంలోనూ స్విట్జర్లాండ్‌లోనూ ‘సెప్తాంత్’ అనీ అంటారని పుస్తకంలో చదవడం వేరు; బెల్జియం దేశస్థుడు ఒక వస్తువు ధర చెబుతుండగా విని, అతడు చెప్పింది ఎంతో పట్టుకోగలగడం వేరు. తెర పనికి వచ్చేది ఈ రెండో దానికే.

శ్రవణాభ్యాసానికి నేను ముఖ్యంగా రెండు వనరుల మీద ఆధారపడతాను. టీవీ5 మోండ్ వారి ఫ్రెంచ్ అభ్యాస వేదికలో ఎ1 నుంచి బి2 (స్వతంత్రంగా మాట్లాడగల స్థాయి) వరకు స్థాయిల వారీగా వీడియోలు, వాటికి అనుబంధ అభ్యాసాలు ఉచితంగా దొరుకుతాయి. ఫ్రాన్స్ అంతర్జాతీయ రేడియో ఆర్.ఎఫ్.ఐ. ప్రసారం చేసే ‘జూర్నల్ ఆఁ ఫ్రాన్సే ఫసీల్’ పది నిమిషాల వార్తా కార్యక్రమం. దానికి లిఖిత పాఠం కూడా ఇస్తారు. సులభమైన ఫ్రెంచ్ అని పేరులో ఉన్నా అది మీ పిల్లల స్థాయికి మించినదే, కాబట్టి మొత్తం వినిపించే ప్రయత్నం చేయవద్దు. ఒక్క నిమిషం భాగం తీసుకుంటే చాలు.

ఆ నిమిషాన్ని ఎలా వాడతామన్నదే అసలు విషయం. మొదటిసారి తెర ఆర్పి ధ్వని మాత్రమే వినిపించి, వినబడిన దేశాల పేర్లనూ సంఖ్యలనూ రాసుకోమని చెప్పండి, అంతకు మించి ఏమీ అడగవద్దు. తరువాత ఇద్దరేసి చొప్పున కూర్చొని, తమకు ఏం వినబడిందో ఒకరికొకరు ఫ్రెంచ్‌లోనే చెప్పుకోవాలి. అందుకు కావలసిన రెండు మూడు వాక్యాల చట్రాన్ని మీరు ముందే నల్లబల్ల మీద రాసి ఉంచితే ఎ1 స్థాయి పిల్లలు కూడా వెనకాడరు. రెండోసారి విన్నాక ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న ప్రశ్నలు మీరు కాక వాళ్లే పక్క జంటను అడగాలి. లిఖిత పాఠం తెర మీదికి రావలసింది మూడోసారి మాత్రమే. ఈ పద్ధతిలో ఒక నిమిషం ధ్వని నుంచి పావుగంట సంభాషణ పుడుతుంది, ఆ పావుగంటలో తెర వెలిగి ఉండేది చాలా కొద్దిసేపు.

ఉచ్చారణ దగ్గర ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ‘పైన’, ‘కింద’ అనే అర్థాలిచ్చే రెండు ఫ్రెంచ్ మాటలకు (dessus, dessous) ఉన్న తేడా చివరి అచ్చులో మాత్రమే ఉంది. నాలుకను ‘ఈ’ పలికే స్థానంలో ఉంచి, పెదవులను ‘ఊ’ కోసం చుట్టినట్లు గుండ్రంగా చుడితే మొదటి మాటలోని అచ్చు వస్తుంది. రెండో మాటలోనిది మన ‘ఊ’కు దగ్గరి ధ్వనే. ఫోర్వో వంటి వేదికల్లో ఇలాంటి మాటలను పలువురు స్థానికులు పలికిన రికార్డులు ఉంటాయి. వాటిని కలగలిపి వినిపించి, ‘పైన’ అని వినబడితే చేయి పైకి, ‘కింద’ అని వినబడితే కిందికి చూపమనండి. తరగతిలో ఎవరి చెవి ఇంకా తేడా పట్టలేదో మీకు ఒక్క చూపులో తెలుస్తుంది. చెవి పట్టుకున్నాకే నోటితో పలికించాలి, ఎందుకంటే వినబడని తేడాను ఎన్నిసార్లు పలికించినా అది నిలవదు.

ఉపశీర్షికల గురించి ఒక మాట. తెలుగువో ఇంగ్లీషువో పెడితే కన్ను వాటినే చదువుకుంటూ పోతుంది, చెవి విశ్రాంతి తీసుకుంటుంది. ఫ్రెంచ్ ఉపశీర్షికలైతే కలిసిపోయి వినబడే పదాలను విడదీసి గుర్తించడానికి సాయపడతాయి. అయితే యంత్రం తయారుచేసిన ఉపశీర్షికలను ముందుగా సరిచూసుకోవాలి. ‘పార్లే’ అని ఒకేలా వినబడే మూలరూపాన్నీ, భూతకాల రూపాన్నీ, ‘మీరు’తో వచ్చే రూపాన్నీ అవి తరచుగా తారుమారు చేస్తాయి. ఎ2కు చేరువైన పిల్లలకు ఆ తప్పులు దిద్దే పని అప్పగించండి, మంచి వ్యాకరణ పాఠం అవుతుంది.

రెండో జవాబు (పాఠశాలల సాంకేతిక సహాయకుడు)

పద్ధతుల గురించి పైన వివరంగా చెప్పారు కాబట్టి నేను ఏర్పాట్లకు పరిమితమవుతాను. పీరియడ్ సమయంలో కనెక్షన్ ఉంటుందన్న భరోసా మీద పాఠం కట్టకండి. వనరు నియమాలు అనుమతిస్తే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫ్రెంచ్ వికీపీడియానూ, 8 నుంచి 13 ఏళ్ల పిల్లల కోసం 2006లో మొదలైన ‘వికిడియా’నూ కంప్యూటరులోకి దించుకొని ఇంటర్నెట్ లేకుండానే చదివించవచ్చు. వికిడియా వాక్యాలు పొట్టిగా, సరళంగా ఉంటాయి కనుక ఎ2 విద్యార్థులకు చదవడానికి అనువుగా ఉంటాయి. పాఠశాలకు సొంత సర్వర్ పెట్టుకొనే వీలుంటే కొలిబ్రి అనే వేదిక ఇంటర్నెట్ లేని చోట పాఠాలు అందించడానికే తయారైనది.

పిల్లల చేతిలో పరికరాలు లేకపోవడం మీరనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. ప్లికర్స్ అనే క్విజ్ యాప్‌లో ప్రతి విద్యార్థికీ ముద్రించిన కాగితపు కార్డు ఒకటి ఉంటుంది. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే అది ఆ సమాధానం. ఉపాధ్యాయురాలు తన ఫోన్ కెమెరాతో తరగతి అంతటినీ ఒకసారి చూపితే ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. పక్కవాడి కార్డు చూసి జవాబు చెప్పడం కష్టం, చేయి ఎత్తడానికి జంకే పిల్ల కూడా ఇందులో పాల్గొంటుంది. క్విజ్‌ను మార్కుల కోసం కాక జ్ఞాపకం కోసం వాడండి. పాఠాన్ని మళ్లీ చదివినవారి కంటే, చదివినదాన్ని గుర్తు తెచ్చుకొని రాసినవారికి వారం తరువాత ఎక్కువ గుర్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి నేటి వీడియో మీద నేడే క్విజ్ పెట్టడం కంటే గత వారం పదాల మీద పీరియడ్ మొదట్లో నాలుగు ప్రశ్నలు అడగడం మేలు, పైగా సమయమూ కలిసివస్తుంది.

పిల్లల పేర్లతో ఖాతాలు తెరిచే ముందు ఆగి ఆలోచించాలి. యూరప్‌లో 2018 నుంచి అమలులో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ నిబంధన, పిల్లలు తమంతట తాము సమ్మతి ఇవ్వగల వయసును 16 ఏళ్లుగా పెట్టి, సభ్యదేశాలు దాన్ని 13 దాకా తగ్గించుకోవచ్చని చెప్పింది. ఫ్రాన్స్ 15గా నిర్ణయించుకుంది. మీకు వర్తించే చట్టం ఏదైనా సరే, పిల్లల అసలు పేర్లకు బదులు కార్డు నంబర్లు వాడితే చాలా చిక్కులు తప్పుతాయి.

మూడో జవాబు (భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు)

నాకు ఫ్రెంచ్ రాదు, అయినా మీ బాధ మా తరగతుల్లోనూ ఉన్నదే. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ సిమ్యులేషన్లను (ప్రయోగాలను తెర మీద చేసి చూపే ప్రోగ్రాములను) మేము విరివిగా వాడతాం. సర్క్యూట్‌లో రెండో బల్బు కలిపితే ఏమవుతుందో తెర మీద చూపిస్తే పిల్లలు తల ఊపుతారు, మరునాడు అడిగితే గుర్తుండదు. అందుకే మీట నొక్కే ముందు ఏం జరుగుతుందో, ఎందుకలా జరుగుతుందో ప్రతి ఒక్కరూ నోటుబుక్కులో రాసి, పక్కవారితో వాదించుకోవాలన్న పద్ధతి పెట్టాను. తమ ఊహ నిజమవుతుందా లేదా అన్న ఆత్రుతతో చూసిన దృశ్యం వాళ్ల మనసులో నిలుస్తుంది.

మీరు కూడా వీడియోను ధ్వని లేకుండా కొన్ని క్షణాలు నడిపి ఆపేయండి. ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో, తరువాత ఏం అనబోతున్నారో పిల్లలు ఫ్రెంచ్‌లో ఊహించి చెప్పాక అప్పుడు ధ్వని పెట్టండి. గడియారంతో పోటీ పెట్టి, వేగానికి ఎక్కువ పాయింట్లిచ్చే క్విజ్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. నిదానంగా ఆలోచించే పిల్లలు వాటిలో నెమ్మదిగా నోరు మూసుకుంటారు. భాష తరగతిలో అది మరింత నష్టం.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ నా హృదయపూర్వక ధన్యవాదాలు. ధ్వని లేకుండా వీడియో నడపడం నాకు ఎన్నడూ తోచలేదు, ఈ వారమే మొదలుపెడతాను. ఇంకొక్క సందేహం ఉంది. ఇంటిపనిగా చిన్న వ్యాసం రాయమంటే కొందరు అనువాద యంత్రంతోనో, కృత్రిమ మేధ సహాయకాలతోనో రాయించి తెస్తున్నారు. ఎ1 స్థాయి విద్యార్థి రాతలో సబ్‌జంక్టివ్ రూపాలు (కోరిక, సందేహం వంటివి తెలిపే, పై స్థాయిలో నేర్చుకొనే క్రియారూపాలు) కనిపిస్తే విషయం తెలిసిపోతుంది. నిషేధించినా ఇంటి దగ్గర ఎవరు చూస్తారు? దీన్ని మీరు ఎలా ఎదుర్కొంటున్నారు?

నాలుగో జవాబు (కళాశాల ఫ్రెంచ్ అధ్యాపకురాలు)

మేడమ్, నేను నిషేధం మీద ఆశ పెట్టుకోవడం మానుకొని, ఆ యంత్రాన్ని తరగతిలోకే తెచ్చి అందరి ఎదుట పరీక్షించడం మొదలుపెట్టాను. ‘నేను నిన్న ఊరికి వెళ్లాను’ అనే తెలుగు వాక్యాన్ని అనువదించమని చూడండి. తెలుగులో ఈ మాట అమ్మాయి చెప్పినా అబ్బాయి చెప్పినా ఒక్కటే. ఫ్రెంచ్‌లో వెళ్లడం అనే క్రియ భూతకాలంలో చెప్పేవారి లింగాన్ని బట్టి రాతలో మారాలి. రాసేది ఎవరో యంత్రానికి తెలియదు కనుక మామూలుగా పుంలింగ రూపం ఇస్తుంది, అమ్మాయి అదే దించి తెస్తుంది. ‘నువ్వు’, ‘మీరు’ అనే భేదం తెలుగులోనూ ఫ్రెంచ్‌లోనూ ఉన్నా, మధ్యలో ఇంగ్లీషు మీదుగా సాగే అనువాదంలో అది పోయే ప్రమాదం ఉంది, అప్పుడు స్నేహితుడికి రాసిన ఉత్తరం అధికారికి రాసినట్లు తయారవుతుంది. ఈ రెండింటినీ పిల్లలే కనిపెట్టేలా చేస్తే, యంత్రం ఇచ్చినదాన్ని దిద్దగలగాలన్నా వ్యాకరణం రావాలని వాళ్లకు మనం విడిగా బోధించనక్కర్లేదు.

ఇక చాట్‌బాట్ల విషయానికి వస్తే, తరగతిలో వాటి వినియోగానికి 13 ఏళ్ల కనీస వయసు పెట్టడం మంచిదని యునెస్కో 2023లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో సూచించింది. మీ చిన్న తరగతుల పిల్లల చేత నేరుగా వాడించకుండా, మీరే తెర మీద నడిపితే సరిపోతుంది. ఉపాధ్యాయురాలిగా మీ తయారీలో మాత్రం అవి బాగా పనికొస్తాయి. బి1 స్థాయి పాఠ్యభాగాన్ని ఎ1 పదజాలంతో తిరగరాయమని అడిగి, వచ్చినదాన్ని ఒక్కొక్క వాక్యం సరిచూసుకొని వాడుకోండి.

ఇంటిపని స్వరూపాన్ని కూడా కొంత మార్చవలసి ఉంటుంది. రాత పనిని తరగతిలో చేతితో రాయించి, ఇంటికి వినే పని ఇవ్వండి. వ్యాసం ఇంటి దగ్గరే రాయవలసి వస్తే, మరునాడు దాన్ని చూడకుండా రెండు నిమిషాలు మాట్లాడాలనీ, తోటివారు అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలనీ, మార్కుల్లో సగం ఆ మాటలకే ఉంటాయనీ పని ఇచ్చే రోజునే చెప్పండి. డెల్ఫ్ (ఫ్రెంచ్ భాషా సామర్థ్య ధ్రువపత్రం) ఎ2 మౌఖిక పరీక్షలో కూడా పరిచయ సంభాషణ, ఒక అంశం మీద స్వయంగా మాట్లాడడం, పరీక్షకుడితో సంభాషణ అనే మూడు భాగాలుంటాయి, కాబట్టి ఇది పరీక్షకు తయారీ కూడా అవుతుంది. తరగతి పెద్దదైతే రోజుకు నలుగురైదుగురిని పిలిచి, మిగిలినవారు తమ వంతు ఎప్పుడొస్తుందో తెలియకుండా చూసుకోండి.