మా వాడికి కంప్యూటర్ గేమ్ కొనిపెట్టాలి, ఎక్కడ కొంటే మంచిది?

మధురవాడ_అమ్మ:
నమస్కారమండీ. మా వాడికి ఎంసెట్ అయిపోయింది (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నార్లెండి). పరీక్ష రాశాక ఒక గేమ్ కొనిపెడతానని నోరు జారాను. ఇప్పుడు పొద్దున లేస్తే అదే గోల. స్టీమ్ అంటాడు, ఎపిక్ అంటాడు, గాగ్ అంటాడు, అన్నీ నెట్‌లో గేమ్‌లు అమ్మే దుకాణాలట. ఎందులో కొనాలి? కార్డు నంబరు ఎక్కడా ఇవ్వడం నాకిష్టం లేదు. లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు, ఇప్పట్లో కొనేదీ లేదు. వాడడిగే ఫుట్‌బాల్ గేమ్ 60 జీబీ అట, మా ఇంట్లో నెట్ ప్లాన్ 40. ఎంతసేపు పడుతుంది? నా బడ్జెట్ 1500. ఇంకోటి, ఆన్‌లైన్ గేమ్‌లన్నీ గవర్నమెంటు బ్యాన్ చేసేసిందని మావారు అంటున్నారు, నిజమేనా?

గాజువాక_గేమర్:
స్టీమ్. ఇంక ఆలోచించకండి అక్కా. 2015 నుంచీ రూపాయల్లోనే ధరలు. యూపీఐ ఉంది, కార్డు తియ్యక్కర్లేదు. నచ్చకపోతే కొన్న 14 రోజుల్లోపు వాపసు అడగొచ్చు, ఆడింది 2 గంటలు దాటకూడదు అంతే. గ్రాఫిక్స్ కార్డు లేదన్నారు కాబట్టి మీకు కావలసింది అదే. నడిచిందా ఉంచుకోండి, ముక్కుతూ మూలుగుతూ నడిస్తే తిప్పి పంపేయండి. గేమ్ తెరిచి భోజనానికి వెళ్లిపోయినా ఆ టైమంతా లెక్కలోకే వస్తుంది, మీ వాడికి ముందే చెప్పండి. నేను ఒకసారి చేపల పులుసు ముందు కూర్చుని 900 రూపాయలు పోగొట్టుకున్నాను. తప్పు నాదే.

ఉక్కునగరం_కుర్రోడు:
కొనడం దేనికండీ అసలు? ఎపిక్‌లో ప్రతి గురువారం రాత్రి ఎనిమిదిన్నరకి గేమ్ ఫ్రీగా పెడతాడు. ఆ వారంలో తీసీసుకుంటే ఇంక ఎప్పటికీ మనదే. 2020 మేలో జీటీఏ 5 ఫ్రీగా ఇచ్చినప్పుడు జనం దెబ్బకి సైటే పడిపోయింది. నా దగ్గర 200 పైన ఉన్నాయి, ఒక్క రూపాయి పెట్టలేదు.

డాల్ఫిన్_నోస్:
ఎనిమిదిన్నర కాదు, తొమ్మిదిన్నర.

ఉక్కునగరం_కుర్రోడు:
ప్రతి వారం తీసుకునేది నేను, టైము చెప్పేది నువ్వా? ఎనిమిదిన్నర.

డాల్ఫిన్_నోస్:
డిసెంబర్లో రోజూ ఒకటి ఇచ్చినప్పుడు నేను అలారం పెట్టుకుని తీసుకున్నాను. తొమ్మిదిన్నర. స్క్రీన్‌షాట్ పెట్టమంటావా?

అక్కయ్యపాలెం_నైట్‌షిఫ్ట్:
ఇద్దరూ కరెక్టే, కొట్టుకోకండి. అమెరికావాళ్లు వేసవిలో గడియారం గంట ముందుకి జరుపుతారు. అందుకే మనకి ఇప్పుడు ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. నా క్యాబ్ కూడా దాంతోపాటే గంట జరుగుతుంది, అలా తెలుసు.

డాల్ఫిన్_నోస్:
సరే. ఆ 200లో ఎన్ని ఆడావేటి?

ఉక్కునగరం_కుర్రోడు:
అది వేరే సంగతి.

పాత_సీడీ_పంతులు:
అందరూ స్టీమ్, ఎపిక్ అని ఊగిపోతున్నారు. 2014 అక్టోబరు 12 ఎవరికైనా గుర్తుందా? హుద్‌హుద్. మా మురళీనగర్‌లో కరెంటు రావడానికే రోజులు పట్టింది, ఇంటర్నెట్ సంగతి చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంట్ జనరేటర్ సాయంత్రం గంటన్నర వేసేవారు, నీళ్ల మోటారు కోసం. ఆ గంటన్నరలో మా పిల్లలు నా డబ్బాలోంచి సీడీ తీసి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడుకున్నారు. పక్క ఫ్లాట్ కుర్రాడు నెట్‌లో కొన్న గేమ్ తెరిస్తే ముందు లాగిన్ అవ్వమంటుంది. నెట్టేదీ? వాడు మా ఇంటికొచ్చి మా పిల్లల వెనకాల నిలబడి చూశాడు పాపం.

అమ్మా, గాగ్‌లో కొనండి. 2008లో పాత ఆటలు అమ్మడానికే పోలండ్ వాళ్లు పెట్టిన దుకాణం, ఇప్పుడు కొత్తవీ ఉంటాయి. లాగిన్ అయితేనే తెరుచుకునే తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ దించుకుని హార్డ్‌డిస్క్‌లో పడేసుకుంటే, రేపు ఆ కంపెనీ మూసేసినా మీ ఆట మీ బీరువాలో ఉంటుంది. పెద్ద ఆటలైతే ముక్కలు ముక్కలుగా వస్తాయి, ఒక్కోటి 4 జీబీ దాకా. ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టాలి, ఒక్క ముక్క తగ్గినా ఇన్‌స్టాల్ అవ్వదు. ఆడాక కూడా 30 రోజుల్లోపు వాపసు అడగొచ్చు. 2 గంటల లెక్క లేదు.

గాజువాక_గేమర్:
గురువుగారూ, ఆవిడ కార్డు ఇవ్వనన్నారు. గాగ్‌లో మనకి ధర డాలర్లలో చూపిస్తుంది. 2020లో రిజర్వ్ బ్యాంకు రూలు వచ్చాక కొత్త కార్డులకి విదేశీ లావాదేవీలు ఆఫ్‌లోనే వస్తున్నాయి, యాప్‌లోకెళ్లి ఆన్ చేసుకోవాలి. పైన బ్యాంకువాడి మార్కప్, దాని మీద జీఎస్టీ. పోనీ స్టీమ్‌కి ఆఫ్‌లైన్ మోడ్ లేదా? ఒకసారి లాగిన్ అయి గేమ్ అప్‌డేట్ చేసుకుంటే తర్వాత నెట్ లేకపోయినా చాలా గేమ్‌లు నడుస్తాయి.

పాత_సీడీ_పంతులు:
"చాలా" అన్నావు చూడు, అక్కడే దొరికావు నాయనా. తుఫాను ముందు లాగిన్ అయి కూర్చోవాలా? 2024 అక్టోబరు నుంచి నీ స్టీమ్ డబ్బు కట్టే పేజీలోనే రాసి పెట్టింది: మీరు కొంటున్నది లైసెన్సు అని. అంటే అద్దె.

నెట్‌వర్క్_నాయుడు:
17 ఏళ్లుగా ఈ ఫీల్డులో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. అది కాలిఫోర్నియా చట్టం కోసం పెట్టిన వాక్యం. అది రాకముందూ లైసెన్సే. సీడీ డబ్బా మీద సన్న అక్షరాల్లో ఉండేదీ లైసెన్సే. గాగ్‌లోదీ కాగితం మీద లైసెన్సే, కాకపోతే ఫైలు నీ చేతిలో ఉంటుంది, దాన్ని ఎవడూ వెనక్కి లాక్కోలేడు. స్టీమ్‌లోనూ తాళం లేని గేమ్‌లు ఉన్నాయి, ఫోల్డర్ కాపీ చేసి వేరే సిస్టమ్‌లో పెడితే స్టీమ్ లేకుండానే తెరుచుకుంటాయి. తాళం వెయ్యాలా వద్దా అన్నది గేమ్ కంపెనీ ఇష్టం.

ఇంక మీ సీడీలంటారా పంతులుగారూ, విండోస్ 10 వచ్చినప్పుడే కాపీ చెయ్యకుండా వేసే సేఫ్‌డిస్క్ తాళం ఉన్న పాత సీడీలకి నూకలు చెల్లాయి. ఆ తాళం తీసే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని మైక్రోసాఫ్ట్ తీసేసింది. మీ డబ్బాలోవి ఎన్ని తెరుచుకుంటున్నాయో నిజం చెప్పండి.

పాత_సీడీ_పంతులు:
నా దగ్గర పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ ఉంది.

నెట్‌వర్క్_నాయుడు:
అదీ మాట. బీరువాతోపాటు ఎక్స్‌పీ సిస్టమ్ కూడా దాచుకోవాలన్నమాట.

పాత_సీడీ_పంతులు:
దాచుకున్నాను. యూపీఎస్ కూడా ఉంది. మీకేమైనా ఇబ్బందా? 2024 మార్చి 31న ద క్రూ అనే కార్ల రేసు గేమ్ సర్వర్లు ఆపేశారు, డబ్బులు పోసి కొన్నవాళ్లంతా ఏమయ్యారు? ఒక్కడే కూర్చుని ఆడుకుందామన్నా తెరుచుకోదు. నా ఎక్స్‌పీలో 20 ఏళ్ల నాటి ఆట ఇవాళ పొద్దున కూడా ఆడాను.

డాల్ఫిన్_నోస్:
పంతులుగారు పాయింటు లాగారు. కానీ ఆవిడ కొడుక్కి కావలసింది ఫుట్‌బాల్ గేమ్ సార్, అలాంటివి గాగ్‌కి రావు.

వన్‌టౌన్_వంశీ:
ఇన్ని కబుర్లు దేనికి? కీలు, అంటే స్టీమ్‌లో కొడితే గేమ్ వచ్చే కోడ్‌లు, అమ్మే సైట్లు బోలెడున్నాయి. స్టీమ్‌లో 3000 ఉన్నది అక్కడ 900కి వస్తాది. కీ కొట్టు, ఆడు. నేను 11 కొన్నాను.

సీతమ్మధార_సుజాత:
మధురవాడ గారూ, గ్రాఫిక్స్ కార్డు లేదన్నారు కదా, దాన్ని బట్టి ముందు గేమ్ ఎంచుకోండి, దుకాణం తర్వాత. నేను కూడా మామూలు లాప్‌టాప్ మీదే ఆడతాను. స్టార్డ్యూ వ్యాలీ (పొలం సాగుచేసే ఆట), హాలో నైట్ లాంటివి హాయిగా నడుస్తాయి, రెండూ కొద్ది జీబీల్లో అయిపోతాయి. జూన్ ఆఖర్లో స్టీమ్ సమ్మర్ సేల్ వస్తుంది, విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే ధర తగ్గగానే మెయిల్ వస్తుంది. ఈజ్ దేర్ ఎనీ డీల్ అనే సైట్లో పేరు కొడితే ఏ దుకాణంలో ఎంత ఉంది, ఇంతకుముందు ఎంతకి దిగింది అంతా చూపిస్తుంది. కంపెనీ ఒప్పందంతో అమ్మే దుకాణాలే అందులో ఉంటాయి. మీకు ఇద్దరు పిల్లలుంటే స్టీమ్ ఫ్యామిలీస్ కూడా చూడండి, ఆరుగురి దాకా ఒకరి గేమ్‌లు ఒకరు ఆడుకోవచ్చు.

గాజువాక_గేమర్:
@వన్‌టౌన్_వంశీ నీలాంటి వాళ్ల వల్లే కొత్తవాళ్లు మునిగిపోతున్నారు. ఆ కీలు ఎక్కడివో తెలుసా? ఎవడిదో కొట్టేసిన కార్డుతో కొంటారు, నీకు సగానికి అమ్ముతారు. కార్డు అసలు ఓనరు బ్యాంకుకి ఫోన్ చేస్తే డబ్బు వెనక్కి, గేమ్ కంపెనీ ఆ కీ రద్దు. నాది అలాగే పోయింది. 40 గంటలు ఆడిన గేమ్, ఒక రోజు ఆఫీసు నుంచొచ్చి చూస్తే లైబ్రరీలో లేదు. అమ్మినవాడికి మెసేజ్ పెడితే ఆ అకౌంటే లేదు.

వన్‌టౌన్_వంశీ:
నీకు కొనడం రాకపోతే అందరికీ రానట్టేనా? రేటింగు చూసి కొనాలి. నావి 11కి 11 ఉన్నాయి.

గాజువాక_గేమర్:
ఒక్కటి పోయాక రా, మాట్లాడదాం.

వన్‌టౌన్_వంశీ:
నీ డబ్బు నువ్వు తగలేసుకో, మాకెందుకు. 3000 పెట్టి గేమ్ కొనేవాడు నాకు నీతులు చెప్పడం.

డాల్ఫిన్_నోస్:
చౌక అన్న ఒక్క మాటకే పడిపోతే ఎలా వంశీ? ఇంకో దేశానికని అమ్మిన కీలు కూడా అందులో కలిపేస్తారు, మన దగ్గర కొడితే ఈ ప్రాంతంలో చెల్లదంటాది. అది కొనేముందు కింద సన్నగా రాసి ఉంటాది, ఎవడూ చదవడు.

ఉక్కునగరం_కుర్రోడు:
మీరు కొట్టుకుంటూ ఉండండి, నా లైబ్రరీ ఫ్రీ.

మధురవాడ_అమ్మ:
అయ్యా, నేను అడిగినవి మూడు ప్రశ్నలు. హుద్‌హుద్ గురించి అడగలేదు. మా ఇంటి పైకప్పు రేకులు కూడా లేచిపోయాయి అప్పుడు, గుర్తు చెయ్యొద్దు. 60 జీబీకి ఎంతసేపు పడుతుంది? బ్యాన్ సంగతేంటి?

అక్కయ్యపాలెం_నైట్‌షిఫ్ట్:
బ్యాన్ అయినవి డబ్బులు పందెం కాసి ఆడేవి మేడమ్. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, పేకాట లాంటివి 2020లోనే ఆపారు, 2025లో దేశమంతటికీ కేంద్రం చట్టం తెచ్చింది. ఒకసారి కొని ఆడుకునే గేమ్‌లకి దానితో సంబంధం లేదు. సార్‌కి చెప్పండి, పోలీసులు రారు.

నెట్‌వర్క్_నాయుడు:
మీ ప్లాన్ 40 అంటే 40 మెగాబిట్లు. ఫైలు సైజు చెప్పేది బైట్లలో. 8తో భాగించండి: సెకనుకి 5 ఎంబీ. 60 జీబీ అంటే 12,000 సెకన్లు, 3 గంటల 20 నిమిషాలు. ఇంట్లో ఇంకెవరూ సీరియల్ చూడకపోతే.

ఉక్కునగరం_కుర్రోడు:
ఆగండాగండి. నాది 100 ప్లాను. డౌన్‌లోడ్‌లో ఎప్పుడూ 12 దాటదు. మా కేబులాయన్ని రెండేళ్లుగా తిడుతున్నాను.

నెట్‌వర్క్_నాయుడు:
100ని 8తో భాగిస్తే పన్నెండున్నర. ఆయనకి వెళ్లి ఒక స్వీట్ డబ్బా ఇవ్వు.

ఉక్కునగరం_కుర్రోడు:
మొన్న దసరా మామూలు కూడా ఇవ్వలేదండీ.

డాల్ఫిన్_నోస్:
🤣🤣 200 గేమ్‌లూ ఆ 12 మీదే దించావా

ఉక్కునగరం_కుర్రోడు:
దించలేదు. తీసుకుని పెట్టుకున్నానంతే. 256 జీబీ ఎస్ఎస్‌డీలో ఎక్కడ పడతాయి?

అక్కయ్యపాలెం_నైట్‌షిఫ్ట్:
రాత్రిపూట పెట్టి పడుకోండి మేడమ్. మధ్యలో కరెంటు పోయినా భయం లేదు, ఆగినచోటు నుంచి మళ్లీ మొదలవుతుంది. మీ వాడి ఫ్రెండ్ దగ్గర అదే గేమ్ స్టీమ్‌లో ఉంటే ఇంకా సులువు. లాప్‌టాప్ తెప్పించి ఒకే వైఫైకి కలిపితే ఈ సిస్టమ్ నుంచి ఆ సిస్టమ్‌కి ఫైళ్లు నేరుగా వెళ్లిపోతాయి, మీ నెట్ డేటా తగలదు. 2023 నుంచి ఉంది ఆ సదుపాయం. గేమ్ మాత్రం ఎవరిది వాళ్లు కొనుక్కోవాలి. మేము బ్యాచిలర్స్ రూములో ఒక్కడే దించుతాం, మిగతా ముగ్గురం పీల్చుకుంటాం.

నెట్‌వర్క్_నాయుడు:
వైఫై కాదు, వైరు వెయ్యండి. ఇలాంటివి నేను ఎన్నో చూశాను...

గాజువాక_గేమర్:
మొదలైంది.

వన్‌టౌన్_వంశీ:
నా 11లో ఒకటి ఇప్పుడే చూశాను. లైబ్రరీలో కనపడట్లేదు. ఎవడైనా రిపోర్ట్ కొట్టారా నా మీద?

గాజువాక_గేమర్:
నేనేం మాట్లాడను.

వన్‌టౌన్_వంశీ:
నువ్వే కొట్టుంటావు.

గాజువాక_గేమర్:
నీ అకౌంటు పేరు కూడా నాకు తెలీదు బాబూ. వెళ్లి ఆ రేటింగువాణ్ణి అడుగు.

మధురవాడ_అమ్మ:
వారం తర్వాత వచ్చాను, ఎవరైనా ఉన్నారా? గాజువాక బాబు చెప్పినట్టు స్టీమ్‌లో యూపీఐతో కట్టాను. ఫుట్‌బాల్ గేమ్ సేల్‌లో ఉంది, నాయుడుగారు చెప్పిన 3 గంటల 20 నిమిషాలు మా ఇంట్లో ఐదున్నర గంటలయింది. మా అత్తగారు సీరియల్ ఆపలేదు. తీరా తెరిస్తే బంతి ఇక్కడ, కాలు అక్కడ. బొమ్మ బొమ్మకీ మధ్య టీ తాగొచ్చు. 25 నిమిషాలు చూసి వాపసు పెట్టించాను, డబ్బులు వచ్చేశాయి.

తర్వాత సుజాతగారి మాట మీద స్టార్డ్యూ వ్యాలీ కొన్నాం. మా వాడు మొదటిరోజు మొహం మాడ్చుకున్నాడు, ఇప్పుడు లేవట్లేదు. చోడవరం నుంచి మా మామగారు వచ్చారు. జీవితమంతా చెరకు పండించిన మనిషి. వాడి వెనకాల కుర్చీ వేసుకుని "ఒరే, నీళ్లు పెట్టకుండా పడుకున్నావేట్రా, మొక్క సచ్చిపోద్ది" అని గదమాయిస్తున్నారు. పార్స్‌నిప్ అంటే ఏటని నన్నడిగారు. ముల్లంగి లాంటిదని చెప్పాను. వరి ఎప్పుడేస్తాడని రోజూ అడుగుతున్నారు.

సీతమ్మధార_సుజాత:
హమ్మయ్య, నా పోస్టు ఒక్కరైనా చదివారు.

డాల్ఫిన్_నోస్:
తాతగారికి చెప్పండి, ముందు పొలంలో దిష్టిబొమ్మ పెట్టించమని. లేకపోతే కాకులు పంట తినేస్తాయి.

ఉక్కునగరం_కుర్రోడు:
పంతులుగారూ, ఆ ఎక్స్‌పీ సిస్టమ్‌లో డీవీడీ డ్రైవ్ బాగానే పనిచేస్తోందా? మా నాన్న దగ్గర పెళ్లి సీడీ ఒకటుంది, కాపీ చెయ్యాలి. అమ్ముతారేటి?

పాత_సీడీ_పంతులు:
అమ్మను. సీడీ పట్టుకుని ఇంటికి రా. సాయంత్రం ఆరు తర్వాత.