‘పేదరికాన్ని అమ్ముకున్నారు’ అనే మాటలో ‘కొను’ గురించి

మాటల గురించి, నిఘంటువు గురించి చర్చించుకునే మన సమూహంలో ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న చిన్నదే అయినా చర్చ చాలా దూరం వెళ్ళింది. భారతదేశపు పేదల బతుకు మీద తీసిన సినిమాకో, రాసిన నవలకో విదేశాల్లో బహుమతి వచ్చిందని తెలిసినప్పుడల్లా ఇక్కడ తిరుపతిలో టీకొట్టు మొదలుకొని విశ్వవిద్యాలయ సదస్సుల దాకా ‘మన పేదరికాన్ని అమ్ముకున్నారు’ అనే మాట వినిపిస్తుంది. ఇందులో ‘అమ్మారు’ అనకుండా ‘అమ్ముకున్నారు’ అనే ఎందుకంటాం, ‘కొను’ (ఖరీదు చేయడం కాదు, ‘అమ్ముకొను’, ‘వండుకొను’ వంటి మాటల చివర చేరేది) చేరడం వల్ల వచ్చే తేడా ఏమిటి అని ఆయన అడిగారు. సినిమాల జోలికి పోకుండా వ్యాకరణం వరకే చెప్పుకుంటే సరిపోతుందని కొందరు పెద్దలు సూచించారు గానీ, ఈ మాట విషయంలో ఆ రెండింటినీ విడదీయలేమని నేను అనుకుంటున్నాను.

క్రియకు ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసినవారికే చెందుతుందని మనకు తెలిసిందే. వండటం వేరు, వండుకోవడం వేరు. అయితే ‘అమ్ము’ దగ్గరికి వచ్చేసరికి ఈ ‘కొను’ రెండు వైపులకూ మొగ్గుతుంది. చిత్తూరు పడమటి ఊళ్ళలో వానలు లేక చెనక్కాయ పైరు ఎండిపోయిన ఏడు, మేత కొనే శక్తి లేక పాడి ఆవును సంతకు తోలిన రైతు ‘ఆవును అమ్ముకున్నాను’ అంటాడు. అదే సంతలో పశువుల బేరగాడు ‘పొద్దున నాలుగు ఆవులు అమ్మాను’ అంటాడు. అమ్మకం రెండు చోట్లా ఒకటే, చేతికి డబ్బు వచ్చిందీ ఇద్దరికీ, అయినా రైతు నోట ‘కొను’ వినగానే మనకు జాలి కలుగుతుంది, ఎందుకంటే పోయింది అతని సొంత వస్తువు. ‘గుడి మాన్యాన్ని అమ్ముకున్నారు’ అన్నప్పుడు మాత్రం ఆ ‘కొను’తోనే కోపం వస్తుంది, ఎందుకంటే అక్కడ పోయింది పదిమందిదీ, లాభం దక్కింది ఒక్కరికి. కాబట్టి ఈ మాట జాలి పుట్టించాలో నింద మోపాలో తేల్చేది క్రియ కాదు, అమ్ముడుపోయిన వస్తువు ఎవరిదన్న విషయమే తేలుస్తుంది. ‘మన పేదరికం’ అన్నవారు పేదరికాన్ని గుడి మాన్యంలాగా ఉమ్మడి ఆస్తిగా లెక్కవేసి మాట్లాడుతున్నారు. ఆ లెక్క సరైనదేనా అన్నది నా అసలు ప్రశ్న.

ఈ నింద మన దేశంలో అందరి దృష్టికీ వచ్చింది 1980లో. అప్పుడు రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నటి నర్గీస్, సత్యజిత్ రాయ్ సినిమాలు భారతదేశాన్ని దీనంగా చూపిస్తాయి కాబట్టే విదేశీయులకు నచ్చుతాయని సభలో విమర్శించారు. మరి చూపవలసిన ఆధునిక భారతం ఏదని ఒక పత్రిక అడిగితే ఆనకట్టలని జవాబిచ్చారు. ఆమెది స్వార్థంతో అన్న మాటగా నేను భావించను. కొత్తగా కట్టుకుంటున్న దేశం పరువు గురించి ఆ తరానికి నిజమైన ఆరాటం ఉండేది. అయితే ఆమె కథానాయికగా నటించిన ‘మదర్ ఇండియా’ 1957లో వచ్చి, ఆస్కార్ తుది పోటీ దాకా వెళ్ళిన తొలి భారతీయ చిత్రమైంది. అది కాలువ ప్రారంభోత్సవంతో మొదలవుతుంది, ఆ తర్వాత కథంతా వడ్డీ వ్యాపారి చేతిలో చితికిపోయిన రైతు కుటుంబానిదే. ఆనకట్ట, ఆకలి రెండూ ఒకే చిత్రంలో ఇమిడాయి, దాన్ని ఎవరూ పేదరికాన్ని అమ్ముకోవడం అనలేదు.

రాయ్ విషయంలో ‘అమ్ముకున్నాడు’ అనే మాట అక్షరాలా నిజమైన సందర్భం ఒకటి ఉంది. ‘పథేర్ పాంచాలీ’ తీయడానికి నిర్మాతలు దొరకనప్పుడు ఆయన ప్రాణప్రదంగా కూడబెట్టుకున్న గ్రామఫోన్ రికార్డులను అమ్ముకున్నారు, జీవిత బీమా పాలసీని, భార్య నగలను తాకట్టు పెట్టారు. అది రైతు ఆవును అమ్ముకోవడం వంటిదే. తర్వాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం పెట్టుబడి పెట్టడంతో 1955లో సినిమా పూర్తయింది, 1956లో కాన్ చిత్రోత్సవంలో ‘ఉత్తమ మానవ పత్రం’ అనే బహుమతి దక్కింది. ఆ సినిమాలో ఊళ్ళోకి వచ్చిన మిఠాయి అమ్మేవాడి వెనకాల దుర్గ, అపు నడుస్తారు, వాళ్ళ వెనక ఒక కుక్క నడుస్తుంది, ఆ నడకంతా చెరువు నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తుంది. కొనడానికి పిల్లల చేతిలో కాణీ లేదు, అయినా ఆ దృశ్యంలో దైన్యం లేదు, పండుగ ఉంది. ఇది చూసినవారెవరైనా రాయ్ పేదరికాన్ని సరుకుగా వాడారని అనగలరని నేను అనుకోను.

ఈ ఫిర్యాదు మన ఒక్కరిదే కాదని కూడా గుర్తుంచుకోవాలి. రాయ్‌కి సినిమా తీయాలనే పట్టుదల కలిగించింది 1950లో ఆయన లండన్‌లో చూసిన ఇటలీ చిత్రం ‘బైసికిల్ థీవ్స్’. దాని దర్శకుడు విత్తోరియో దె సికా తర్వాత ఒక వృద్ధ పింఛనుదారు మీద ‘ఉంబెర్తో డి’ తీసినప్పుడు, ప్రభుత్వంలో ఉన్న ఆంద్రియోత్తి 1952లో ఈ సినిమా దేశానికి అపకీర్తి తెస్తుందని బహిరంగంగా రాశారు. పాశ్చాత్య దేశంలోనే, తమవాడు తీసిన సినిమా మీదే వచ్చిన అభ్యంతరం ఇది. అంటే ఈ నిందలో సగం నిజానికి అమ్మకం గురించి కాదు. దానికి మన భాషలో ‘ఇంటిగుట్టు రట్టు చేయడం’ అనే సరైన మాట ఉండనే ఉంది. రట్టయిందన్న బాధను అమ్మకమన్న ఆరోపణగా మార్చి చెప్పడం వల్ల అసలు అమ్మకాలు జరిగినప్పుడు వాటిని వేరుగా పట్టుకునే వీలు పోతోంది.

అసలు అమ్మకాలు లేవని నేను అనడం లేదు. బ్రిటిష్ దర్శకుడు డానీ బాయిల్ ముంబయిలో తీసిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ 2009లో ఎనిమిది ఆస్కార్లు గెలిచింది. అందులో నటించిన పిల్లల్లో ఇద్దరు బాంద్రా మురికివాడల నుంచి వచ్చినవారు. బహుమతుల సంబరం ముగిసిన కొద్ది నెలలకే, మే నెలలో, వాళ్ళ గుడిసెలను అధికారులు కూల్చివేశారు. చిత్ర నిర్మాతలు ఆ పిల్లల చదువుకూ ఇంటికీ ఒక ట్రస్టు ఏర్పాటు చేశారు, అది మంచి పనే. అయినా ఎవరి బతుకు తెరకెక్కిందో వాళ్ళకు దక్కే వాటా దయాధర్మంగా అందింది తప్ప హక్కుగా అందలేదు. గుడి మాన్యం పోలిక ఇక్కడ సరిపోతుంది. కలకత్తాలోని వేశ్యావాటిక సోనాగాఛీలో పెరిగే పిల్లల మీద తీసిన ‘బార్న్ ఇంటూ బ్రోథెల్స్’ 2005లో ఆస్కార్ పొందింది. పిల్లల చేతికి కెమెరాలిచ్చి, వాళ్ళు తీసిన ఫోటోలను వాళ్ళ చదువు కోసమే వేలం వేశారు కాబట్టి దర్శకుల ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. కానీ అక్కడి తల్లులు తామే సంఘం పెట్టుకుని పనిచేస్తున్న సంగతి ఆ చిత్రంలో లేకపోవడం మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. పేదవాణ్ణి బయటివాళ్ళు వచ్చి కాపాడవలసినవాడిగా చూపే కథే బహుమతి సంఘాలకు తేలికగా అర్థమవుతుంది. తనను తాను కాపాడుకుంటున్న పేదవాడి కథ అర్థం కావడానికి ఆ చోటు గురించి కొంత తెలిసి ఉండాలి.

పాశ్చాత్యులు పేదరికానికే బహుమతులిస్తారన్న వాదం మాత్రం పూర్తిగా నిలబడదు. 1946లో మొదటి కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పంచుకున్న చేతన్ ఆనంద్ ‘నీచా నగర్’ మొదలుకొని 1988 నాటి ‘సలామ్ బాంబే’ వరకు, 2008లో బుకర్ పొందిన అరవింద్ అడిగ నవల ‘ది వైట్ టైగర్’ వరకు ఆ వరస నిజమే. కానీ ‘సలామ్ బాంబే’ తీసిన మీరా నాయర్‌కే 2001లో వెనిస్ చిత్రోత్సవపు అగ్ర బహుమతి స్వర్ణ సింహం దక్కింది ఢిల్లీలో ఒక సంపన్న పంజాబీ కుటుంబపు పెళ్ళి కథకు. మన చంద్రబోస్ రాసి కీరవాణి స్వరపరచిన పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది, అందులో దైన్యం ఎక్కడా లేదు.

మన సమూహపు చర్చలో చిత్తూరు సోదరి ఒకరు వేసిన ప్రశ్న నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. మన జిల్లా రచయితలు పేదరికం గురించి రాయలేదా, వాళ్ళ మీద ఈ నింద ఎందుకు రాలేదు అని ఆమె అడిగారు. తలపులపల్లెలో పుట్టిన కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో తప్పిపోయిన పంది కోసం రాత్రంతా అడవిలో తిరిగే ముసలివాణ్ణి చూపించారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు తన తల్లి పడిన కష్టాన్ని, తన చిన్ననాటి లేమిని ఈ ప్రాంతపు మాటల్లోనే రాశారు. వాళ్ళు పేదరికాన్ని అమ్ముకున్నారని ఎవరైనా అనగా నేను వినలేదు. చదివేవాళ్ళు కూడా ఆ భాషవాళ్ళే, ఆ మట్టివాళ్ళే కావడం ఒక కారణం. ఆ కథల్లో ఆకలి ఉన్నవాడికి తెలివి, కోపం, హాస్యం, మొండితనం కూడా ఉండటం ఇంకా పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది. ‘నాది’ అని చెప్పుకోగలిగినవారు రాసినప్పుడు ‘కొను’ నిందగా మారదు.

అలాగని బయటివారు రాయకూడదని, తీయకూడదని కాదు. తెలుగు రాని మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ హిందీ కథ ‘కఫన్’ ఆధారంగా తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీశారు. పని చేస్తే బాగుపడేది యజమానే గనక పని చేయనని మొండికేసిన తండ్రీ కొడుకుల కథ అది. బెంగాలీ దర్శకుడు, హిందీ కథ, తెలుగు పల్లె, విదేశీ చిత్రోత్సవాలు: ఇన్ని చేతులు మారినా ఆ ముసలి తండ్రి వాదం చెక్కుచెదరలేదు. అందుకే సొంతదారుకు అన్యాయం జరిగిందని అనలేం.

బహుమతుల ఏర్పాటులోనూ ఈ మధ్య చెప్పుకోదగిన మార్పు వచ్చింది. ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకు లండన్‌లో ఇచ్చే అంతర్జాతీయ బుకర్ బహుమతి సొమ్ము 50,000 పౌండ్లను రచయితకూ అనువాదకులకూ సమానంగా పంచుతారు. 2022లో గీతాంజలి శ్రీ హిందీ నవలకు, 2025లో బాను ముష్తాక్ కన్నడ కథలకు ఆ గౌరవం దక్కింది. పొరుగున కన్నడం దాకా వచ్చినది తెలుగుకు రాకపోవడానికి కారణాన్ని నేను లండన్‌లో వెతకను. కేశవరెడ్డినీ నామినినీ ఇంగ్లీషులో చదవదగినట్టుగా అనువదించి, మంచి ప్రచురణకర్త చేతికి అందించే పనిని మనం కొనసాగించలేదు. మన పల్లె గురించి ఇంగ్లీషులో రాసినవారి మాటే ప్రపంచానికి చేరుతున్నదంటే, మిగిలినవారి మాటను చేరవేసే పని మన వైపునే ఆగిపోయింది.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, నిఘంటువులో ‘అమ్ముకొను’ కింద మూడు ప్రయోగాలను విడివిడిగా చూపాలని నా ప్రతిపాదన: గతిలేక సొంతది వదులుకోవడం, చేసిన వస్తువుతో జీవనం సాగించడం (‘పూలు అమ్ముకుని బతుకుతున్నది’), పదిమందిదాన్ని సొంత లాభానికి వాడుకోవడం. ‘పేదరికాన్ని అమ్ముకోవడం’ మూడోదాని కింద చేరుతుంది, అక్కడే ‘రట్టు చేయు’ కూడా చూడండి అని ఒక సూచన ఇవ్వాలి. పలమనేరు, కుప్పం సభ్యులను ఒకటి అడుగుతున్నాను. కన్నడంలో ‘మారికొండ’ (అమ్ముకున్నాడు), తమిళంలో ‘కొళ్’ చేరిన క్రియలు మన ‘కొను’కు దగ్గరి చుట్టాలే కదా, మీ ఊళ్ళలో రెండు భాషలూ మాట్లాడేవారు ఆవును అమ్ముకున్నప్పుడు, పరువును అమ్ముకున్నప్పుడు ఒకే మాట వాడతారా, లేక మాట మారుస్తారా? విన్న వాక్యాన్ని విన్నట్టుగానే, ఏ ఊరిలో విన్నారో చెబుతూ రాయగలరు.