ఖెచియోపల్రి లాంటి కొండ సరస్సులో పూడిక తీయడం ఎలా?

సిక్కింలో దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉన్న ఈ సరస్సు బౌద్ధులకూ హిందువులకూ పవిత్రం. ఇలాంటిచోట ఊరివాళ్లు పూడిక తీయాలంటే జేసీబీ దింపొచ్చా?

↳ వద్దండీ. ఒడ్డంతా మెత్తటి చిత్తడి, బండి కూరుకుపోతుంది. పైగా అడుగు బురద కదిలితే అందులోని భాస్వరం నీళ్లలో కలిసి నాచు పడుతుంది. ముందు కొత్త మట్టి సరస్సులోకి రాకుండా పైవాలులో వాగులకు అడ్డంగా మోకాలెత్తు రాతికట్టలు వేయండి. రాళ్ల సందుల్ని మట్టితో పూడ్చకండి, నీళ్లు కారాలి. కట్ట నడుమ అంచులకంటే జానెడు తగ్గాలి, లేదంటే వరద పక్కగట్టును కోసేస్తుంది.

↳ వానలకు ముందే కట్ట వెనక మట్టి ఎత్తేయాలి. లేకపోతే అంత చాకిరీ దండగ.

↳ ముందు చేపలకు బిస్కట్లు, మరమరాలు వేయడం మాన్పించండి! తర్వాత నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో తెలియడానికి 20 సెంటీమీటర్ల నలుపు-తెలుపు పళ్లేన్ని తాడుతో నీళ్లలోకి దింపి, కనుమరుగైన లోతు నెలనెలా రాసుకోండి.