ఉన్న చేను తాకట్టు పెట్టి ముందుకు దూకినవాళ్ళు ఉన్నారా? మీకేం జరిగింది?

ముమ్మిడివరం కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. నాకు 31 ఏళ్ళు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకి 36 వేలు. పాపకి రెండేళ్ళు. ఊళ్ళో నాన్నగారికి ఎకరం కొబ్బరి, డ్రెయిన్ పక్కన రెండెకరాల పల్లపు చేను ఉన్నాయి. ఆ చేను ఏటా వానలకి మునుగుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు నాన్నగారు ఖాళీగా వదిలేసింది కూడా దాన్నే. ఇప్పుడు మా బావ దాన్ని వనామీ రొయ్యల చెరువు చేద్దామంటున్నాడు. చేను తాకట్టు పెట్టాలి, నేను ఉద్యోగం మానేసి గట్టు మీద ఉండాలి. అమ్మ వద్దంటోంది. నాన్నగారు ఏమీ అనడం లేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.
సలహా కంటే, ఇలాంటి అడుగు వేసినవాళ్ళకి నిజంగా ఏం జరిగిందో చెప్పండి. చెరువుల గురించే కానక్కర్లేదు.

భీమవరం చెరువులు:
తమ్ముడూ, నేను 2013లో నాలుగెకరాలు లీజుకి తీసుకున్నాను. అంతకుముందు రొయ్యల మేత అమ్మే డీలరు దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. మొదటి రెండు పంటలూ కలిసొచ్చాయి. మూడో పంటకి నాలుగెకరాలు కాస్తా పదెకరాలు చేశాను. మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టాం, మేత అంతా అరువు.
42వ రోజు పొద్దున చెక్ ట్రే ఎత్తితే వేసిన మేత వేసినట్టే ఉంది. మధ్యాహ్నానికి రొయ్యలు గట్టు వారకి వచ్చేశాయి. తల పెంకు తీసి చూస్తే తెల్ల మచ్చలు. ఆ రాత్రే వలలు వేయించి పట్టేశాం. కిలోకి 180 తూగాయి. వచ్చిన డబ్బు కూలీలకీ డీజిలుకీ సరిపోయింది. 1994, 95ల్లో టైగర్ రొయ్య ఈ మచ్చలతోనే పోయిందని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అయినా నా చెరువుకి రాదనుకున్నాను.
తర్వాత రెండేళ్ళు పక్క ఊరి రైతు చెరువు మీద జీతానికి ఉన్నాను. నా జీవితం మారింది ఆ రెండేళ్ళలోనే. సొంత చెరువున్నప్పుడు రాత్రి కాపలాకి మనిషిని పెట్టి ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి. జీతానికి చేరాక తెల్లవారుజామున నాలుగింటికి నేనే లేచి నీళ్ళలో ఆక్సిజన్ చూసేవాణ్ణి. రాత్రంతా రొయ్యతో పాటు నీళ్ళలోని నాచు కూడా ఊపిరి తీసుకుంటుంది, అందుకే ఆ వేళకి ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అప్పుడు కరెంటు పోయి, జనరేటర్ అందుకోక, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువు మిగలదు. నా పదెకరాలున్నప్పుడు ఇది నాకు వినికిడి మాత్రమే.
పాత బాకీ తీరడానికి ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడు మూడెకరాలు చేస్తున్నాను, అదీ లీజే. మేత నగదుకే కొంటాను.

రాజోలు ఆడపడుచు:
మా అమ్మ సంగతి చెప్తాను. 1990 ఫిబ్రవరిలో ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్ళింది. నాకప్పుడు ఏడేళ్ళు, తమ్ముడికి నాలుగు. ఏజెంటుకి కట్టడానికి అమ్మమ్మ మెళ్ళో గొలుసు అమ్మింది, చాలకపోతే వడ్డీకి తెచ్చారు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. రెండు నెలలు మాకు ఉత్తరం లేదు. రోజూ పోస్టుమాన్ సైకిలు గుమ్మం ముందు నుంచి వెళ్ళిపోయేది. చివరికి బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చింది. అలా లక్షా 70 వేల మందిని మనవాళ్ళు వెనక్కి తెచ్చారు. అమ్మ ఇంటికొచ్చేటప్పటికి కట్టుకున్న చీర తప్ప ఏమీ లేదు. వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంది.
1992లో మళ్ళీ వెళ్ళింది. చుట్టాలంతా తప్పు పట్టారు. మొదటిసారి తెలియక వెళ్ళిందనుకోవచ్చు, రెండోసారి మాత్రం అన్నీ తెలిసే వెళ్ళింది. ఎందుకని అడిగితే, కూలికెళ్తే తీరే అప్పు కాదని ఒక్క మాట అంది. పదకొండేళ్ళు ఉంది. పాక పోయి డాబా వచ్చింది, నేను నర్సింగ్ చదివాను.
ఇంకో సంగతి కూడా రాయాలి. తమ్ముడికి చిన్నప్పుడు అమ్మంటే రెండేళ్ళకోసారి పెట్టెతో వచ్చే మనిషి. నేను అమ్మని నువ్వు అంటాను. వాడు ఇప్పటికీ మీరు అంటాడు. అన్నయ్యగారూ, మీ పాపకి రెండేళ్ళన్నారు. చేను, అప్పు, వడ్డీ లెక్కలు వేసేటప్పుడు ఇది కూడా వెయ్యండి.

నరసాపురం లేసు:
నాది చిన్న అడుగేనండి. మా ఇంట్లో అత్తగారి కాలం నుంచీ లేసు అల్లుతున్నాం. ఏజెంటు దారం ఇస్తాడు, ముక్కకి ఇంతని కూలి ఇస్తాడు. నాలుగేళ్ళ క్రితం డ్వాక్రా అప్పులో 20 వేలు తీసి సొంతంగా దారం కొన్నాను. ఎనిమిది మందిమి కలిసి ఫోనులో ఫొటోలు పెట్టి అమ్మడం మొదలుపెట్టాం. ఆ ఏడాదంతా ఏజెంటు మాలో ఒక్కరికీ పని ఇవ్వలేదు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చాక అడిగేవాళ్ళు పెరిగిన మాట నిజమే. కానీ మేం అప్పటిదాకా నిలబడింది, ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఏజెంటు గుమ్మం తొక్కకపోవడం వల్ల. మీ బావగారు చెడ్డ రోజున పక్కన నిలబడే మనిషేనా తమ్ముడూ? చెరువు కంటే ముందు అది చూసుకో.

ఆత్రేయపురం:
వెళ్ళనివాడి మాట కూడా వినండి. 2009లో స్నేహితుడు కడియపులంకలో నర్సరీకి భాగం కలవమన్నాడు. పెళ్ళి కావలసిన చెల్లెళ్ళు ఇద్దరున్నారని వెనక్కి తగ్గాను. వాడు ఇప్పుడు హైవే పక్కన ఆరెకరాల్లో ఉన్నాడు. నేను సొసైటీలో గుమాస్తాని. చాలా ఏళ్ళు బస్సు ఆ దారిన వెళ్తుంటే నర్సరీల వైపు చూసేవాణ్ణి కాదు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అప్పు లేకుండా చేశాను, అది తలుచుకుంటే తృప్తిగానే ఉంటుంది. రెండూ మనసులో ఉంటాయండి, ఒకటి రెండోదాన్ని చెరపదు.

కడియం గూటీలు:
ఆత్రేయపురం అన్నయ్యా, నర్సరీ రోడ్డు మీంచి చూస్తే పచ్చగానే కనిపిస్తుంది. నేను పన్నెండేళ్ళు కూలికి, చెట్టు మీదే కొమ్మకి వేర్లు తెప్పించే గూటి అంట్లు కట్టాను. 2019 చివర్లో అరెకరం లీజుకి తీసుకుని సొంతంగా మొక్కలు పెట్టాను. సరిగ్గా అమ్మకానికి వచ్చేసరికి, 2020 మార్చిలో లాక్‌డౌన్. లారీ ఒక్కటీ రాలేదు. వేర్లు కవరు చీల్చుకుని నేలలోకి దిగిపోవడం మొదలైంది. అలా దిగిన మొక్కని తర్వాత ఎత్తితే చచ్చిపోతుంది. నేనూ మా ఆవిడా రాత్రీ పగలూ కూర్చుని అన్నిటినీ పెద్ద కవర్లలోకి మార్చాం. లాభం కోసం కాదు, కళ్ళ ముందు చచ్చిపోతుంటే చూడలేక. ఏడాది తర్వాత అవే పెద్ద మొక్కల ధరకి పోయాయి. ఇప్పుడు ఎకరంన్నర చేస్తున్నాను.
నా మొక్క ఏడాది ఆగింది కాబట్టి బతికాను. రొయ్య అలా ఆగదు. ఆ తేడా మాత్రం ఆలోచించండి.

ముమ్మిడివరం కుర్రాడు:
అందరికీ దణ్ణాలండి. అమ్మకి చదివి వినిపిస్తే రాజోలు అక్క రాసిన దగ్గర కళ్ళు తుడుచుకుంది. భీమవరం అన్నా, ఎకరానికి లెక్క ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్పగలవా? బావ చెప్పే లెక్కలో ఖర్చులు తక్కువగా అనిపిస్తున్నాయి.

భీమవరం చెరువులు:
నా చెరువు లెక్క చెప్తాను, మీ నేలకి వేరుగా ఉండొచ్చు. ఎకరానికి లక్షన్నర రొయ్య పిల్లల్ని వేస్తాను. నూరు రోజులు దాటి 50 కౌంటు, అంటే కిలోకి 50 రొయ్యలు తూగే సైజు వచ్చి, నూటికి డెబ్భై బతికితే రెండు టన్నుల పైన దిగుతుంది. దానికి మూడు టన్నుల దాకా మేత. పిల్ల, మేత, కరెంటు, డీజిలు, మందులు, లీజు అన్నీ కలిపి ఐదు లక్షలు దాటుతుంది. బాగుంటే ఏడు వస్తుంది. అరవయ్యో రోజున జబ్బొచ్చి సగం పోతే మిగిలినవి 100 కౌంటులో ముప్పావు టన్ను. రెండు లక్షలు కూడా రావు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి వెళ్ళినప్పుడు, జబ్బు లేని చెరువులకి కూడా ధర జారిపోయింది. చెరువు తవ్వకం, జనరేటర్, ఏరేటర్లు ఈ లెక్కలో లేవు. మీ బావ వేసింది మంచి పంట లెక్కే అయ్యుంటుంది. చెడ్డ పంట రెండుసార్లు వరసగా వస్తే తాకట్టు ఏమవుతుందో ఆయన్నే కాగితం మీద వెయ్యమను.

లంక రైతు:
బాబూ, నాకు అరవై దాటాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు మా ఇల్లు పోయింది. ఆ ఏడాదే, వరద తీశాక, కొత్తగా వేసిన ఒండ్రు మీద మళ్ళీ విత్తనం వేశాను. కాబట్టి భయపడి ఇంట్లో కూర్చోమని నేను చెప్పను.
కానీ లంకలో నేను వేసేది నా చేలోనే పోతుంది, నా చేలోనే పండుతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువు అలా కాదు. ఊట పక్క చేలోకి దిగుతుంది. ఉప్పెక్కిన చేను మళ్ళీ వరికి రావాలంటే ఏళ్ళు పడుతుంది, కొబ్బరి కూడా దెబ్బతింటుంది. మీ పక్క చేను ఎవరిది? మీ నాన్న నోరు మెదపకపోవడానికి కారణం అక్కడ ఉందేమో అడిగి చూడు.
ఇంకొకటి. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని అందరం చెప్పుకుంటాం. అంతకు పదేళ్ళ ముందే ఆయన తమిళ దేశంలో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్ట కట్టాడు. ఇసుక మీద కట్టడం ఎలా నిలుస్తుందో అక్కడ చూసుకున్నాకే గోదావరికి వచ్చాడు.

ముమ్మిడివరం కుర్రాడు:
పెద్దాయనా, మీరన్నదే నిజం. పక్క చేను మా బాబాయిది. గట్టు పొడవునా ఆయన పాతిన కొబ్బరి చెట్లు ముప్పై దాకా ఉన్నాయి. నాన్నగారిని అడిగితే చాలాసేపు ఆగి, ‘వాడితో ఏం చెప్పమంటావురా’ అన్నారు. చేను తాకట్టు పెట్టడం లేదు. బావకి కోపం వచ్చింది, ఫోను ఎత్తడం లేదు. ఆ బాధ ఉంది.
కానీ రొయ్యల పని నేర్చుకోవాలన్న కోరిక పోలేదు.

భీమవరం చెరువులు:
సంక్రాంతి వెళ్ళాక పిల్ల వేస్తున్నాను. వచ్చి నా చెరువు గట్టు మీద ఉండు. తిండీ పడకా ఇస్తాను, జీతం తక్కువే ఇవ్వగలను. జబ్బొస్తే జబ్బు కూడా చూస్తావు.

ముమ్మిడివరం కుర్రాడు:
అన్నా, ఆఫీసులో జీతం లేకుండా మూడు నెలలు సెలవు అడిగాను, ఇచ్చారు. మా ఆవిడా పాపా అమ్మ దగ్గర ఉంటారు, ఆదివారాలు వెళ్ళి వస్తాను. కనుమ మర్నాడు బయల్దేరతాను. ఏం తెచ్చుకోమంటావు?

భీమవరం చెరువులు:
టార్చిలైటు, దుప్పటి. అలారం అక్కర్లేదు, నాలుగింటికి నేనే లేపుతాను.