ఛార్టులున్న షీట్ కదిపితే లిబ్రేఆఫీస్ మూసుకుపోతోంది, గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవేనా?

అడ్డగీత_నిలువుగీత

అందరికీ నమస్తే. విండోస్ 11 ల్యాప్‌టాప్, లోపల రెండు గ్రాఫిక్స్ చిప్‌లు, ప్రాసెసర్‌లోనే ఉండేది ఒకటి, విడి కార్డు ఒకటి. బయట ఇంకో మానిటర్ కూడా తగిలించుకుని పని చేస్తాను. ఈమధ్య డిస్‌ప్లే డ్రైవర్ (గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) దానంతటదే అప్‌డేట్ అయింది, అప్పట్నుంచి లిబ్రేఆఫీస్ స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ కాల్క్‌లో ఛార్టులున్న షీట్‌ని కిందికి స్క్రోల్ చేస్తుంటే తెర ఒక్క క్షణం నల్లబడి ప్రోగ్రామ్ మాయమైపోతోంది. కొన్నిసార్లు తెర నల్లబడకుండానే చెప్పాపెట్టకుండా మూసుకుపోతుంది, ఎర్రర్ మెసేజ్ కూడా ఉండదు. ఉత్త అంకెల షీట్లు ఎంత పెద్దవైనా ఏమీ కావట్లేదు. రైటర్‌లో ఎప్పుడూ రాలేదు. ఇంప్రెస్‌లో స్లైడ్ షో మొదలుపెడితే మాత్రం దాదాపు ఖాయం.

మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను, ఏం తేడా లేదు. నెలాఖరు రిపోర్టులన్నీ ఈ ఛార్టుల మీదే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పండి.

పాతకీబోర్డు

ఫైల్ పాడై ఉంటుంది. ఖాళీ షీట్ తెరిచి అందులోకి అంతా కాపీ చేసుకోండి. యాంటీవైరస్ కూడా ఒకసారి ఆపి చూడండి.

నల్లతెర

ఫైల్ పాడైతే స్లైడ్ షో ఎందుకు పడిపోతుందండీ? పైగా తెర నల్లబడుతోంది అంటున్నారు, అసలు ఆనవాలు అదే. విండోస్ విస్టా రోజుల నుంచీ ఒక ఏర్పాటు ఉంది: గ్రాఫిక్స్ చిప్ తనకిచ్చిన పనిలో ఇరుక్కుని 2 సెకన్లలో తేరుకోకపోతే విండోస్ ఆ డ్రైవర్‌ని బలవంతంగా రీసెట్ చేస్తుంది. తెర నల్లబడేది అప్పుడే. లేకపోతే కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది, కాబట్టి మంచి ఏర్పాటే, కానీ ఆ సమయంలో కార్డు మీద బొమ్మలు గీయించుకుంటున్న ప్రోగ్రామ్ ఆ కార్డులో పెట్టుకున్నవన్నీ పోతాయి, దాన్ని తట్టుకోలేని ప్రోగ్రామ్ కూలిపోతుంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా తేడా రాకపోవడానికి కారణం కూడా ఇదే, డ్రైవర్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో భాగం కాదు కదా. మీ సెట్టింగులు కూడా యూజర్ ప్రొఫైల్‌లో ఉంటాయి, ప్రోగ్రామ్ తీసేసినా అవి అక్కడే ఉంటాయి.

ముందు హెల్ప్ మెనూలో అబౌట్ తెరవండి, యూఐ రెండర్ అనే చోట ఏముందో చూడండి. 2020లో వచ్చిన 7.0 నుంచి విండోస్‌లో తెర మీద గీసే పని స్కియా అనే లైబ్రరీ చేస్తోంది. స్కియా/వల్కన్ (వల్కన్ అంటే ప్రోగ్రాములు గ్రాఫిక్స్ చిప్‌తో బొమ్మలు గీయించుకునే పద్ధతి) అని ఉంటే పని గ్రాఫిక్స్ చిప్ మీద జరుగుతోందని, స్కియా/రాస్టర్ అని ఉంటే ప్రాసెసరే గీస్తోందని. వల్కన్ అని ఉంటే టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లిబ్రేఆఫీస్ కింద వ్యూ పేజీకి వెళ్ళి ఫోర్స్ స్కియా సాఫ్ట్‌వేర్ రెండరింగ్ దగ్గర టిక్ పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరవండి. అసలు తెరుచుకోకుండానే పడిపోయేవాళ్ళు స్టార్ట్ మెనూలో సేఫ్ మోడ్ అని విడిగా ఉంటుంది, అది తెరిస్తే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపే ఆప్షన్ కనిపిస్తుంది.

ఇంకొకటి, ఇది మాత్రం వదిలేయకండి. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తన ఎర్రర్లు నమోదు చేసుకునే చోటు) విండోస్ లాగ్స్, అప్లికేషన్ కింద 1000 నంబరు ఎర్రర్ వెతకండి. కూలిన ప్రోగ్రామ్ పేరు సాఫిస్ డాట్ బిన్ అని ఉంటుంది, దాని కింద ఫాల్టింగ్ మాడ్యూల్ అని ఒక ఫైల్ పేరు ఉంటుంది. ఎవరివల్ల కూలిందో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. అలాగే సిస్టమ్ లాగ్‌లో 4101 ఉందేమో చూడండి, డ్రైవర్ రీసెట్ అయితే పడే నంబరు అది. ఇవి చూశాక మాట్లాడదాం, అన్ని సెట్టింగులూ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

అడ్డగీత_నిలువుగీత

చాలా థాంక్స్ అండీ. అబౌట్‌లో స్కియా/వల్కన్ అనే ఉంది. టిక్ పెట్టాక కాల్క్ అసలు పడిపోలేదు, స్క్రోల్ కాస్త బరువుగా ఉంది అంతే. కానీ స్లైడ్ షో మాత్రం కొన్ని స్లైడ్ల దగ్గర ఇంకా పోతోంది. 4101 ఉంది, తెర నల్లబడిన వేళలతో సరిగ్గా సరిపోతోంది. వింత ఏంటంటే 1000 ఎర్రర్లలో చాలావాటికి మాడ్యూల్ డ్రైవర్‌ది కాదు, నేను పెట్టుకున్న స్క్రీన్ రికార్డర్ ఫోల్డర్‌లోని ఫైల్. అది ఆ సమయంలో తెరిచి కూడా లేదు!

మూడోపొర

తెరిచి ఉండక్కర్లేదు బ్రో. వల్కన్‌లో ఇంప్లిసిట్ లేయర్లని ఉంటాయి. రికార్డర్లు, గేమ్ ఓవర్‌లేలు (గేమ్ తెర మీద తమవి కూడా చూపించేవి) ఇన్‌స్టాల్ అయినప్పుడు రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగులు దాచుకునే చోట, తమ పేరు నమోదు చేసుకుంటాయి, ఆ తర్వాత వల్కన్ వాడే ఏ ప్రోగ్రామ్ తెరిచినా వాటి ఫైల్ కూడా దాంతోపాటు లోపలికొచ్చి కూర్చుంటుంది, పిలవని పేరంటంలాగా. గేమ్‌ల కోసం రాసింది, స్ప్రెడ్‌షీట్‌లో ఎలా నడుస్తుందో రాసినవాళ్ళు చూసి ఉండరు. నువ్వు సాఫ్ట్‌వేర్ రెండరింగ్ పెట్టగానే కాల్క్ వల్కన్ జోలికే పోలేదు, అందుకే బాగుపడింది.

స్లైడ్ షో సంగతి వేరు. ఇంప్రెస్‌లో త్రీడీ ట్రాన్సిషన్లు (స్లైడ్ మారేటప్పుడు వచ్చే ఎఫెక్టులు) ఓపెన్‌జీఎల్ అనే ఇంకో గ్రాఫిక్స్ పద్ధతి మీద నడుస్తాయి, స్కియా టిక్‌తో వాటికి సంబంధం లేదు. పడిపోతున్న స్లైడ్లకి ఉన్న ట్రాన్సిషన్ తీసేసి మామూలు ఫేడ్ పెట్టి చూడు. అది సరిపోతే ముందు రికార్డర్ ఓవర్‌లే ఆపు, కుదరకపోతే దాన్ని తీసేయ్, తర్వాత సాఫ్ట్‌వేర్ రెండరింగ్ టిక్ తీసి చూడు. ఈ వరస మార్చకు.

నల్లతెర

మూడోపొర చెప్పింది కరెక్ట్. అయితే 4101 కూడా ఉంది కాబట్టి ఓవర్‌లే ఒక్కటే కారణం అనుకోలేం. రికార్డర్ పోయాక కూడా తెర నల్లబడితే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ కొట్టండి. పాత డ్రైవర్ సిస్టమ్‌లో మిగిలి లేకపోతే ఆ బటన్ బూడిద రంగులో ఉంటుంది. అప్పుడు ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్ళ సైట్‌లో మీ మోడల్‌కి ఇచ్చిన డ్రైవర్ తెచ్చుకోండి. రెండు చిప్‌ల ల్యాప్‌టాప్‌లకి కొత్త డ్రైవరే మంచిదనే నమ్మకం నాకైతే లేదు.

రిబ్బన్‌మెనూ

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాకు మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లో ఇలాంటిదే, వర్డ్ కిటికీని బయటి మానిటర్‌లోకి లాగితే బిగుసుకుపోతోంది. అక్కడ ఏం చేయాలి?

నల్లతెర

ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో డిస్‌ప్లే దగ్గర హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ డిసేబుల్ చేసే టిక్ ఉంటుంది. కొన్ని కొత్త వెర్షన్లలో అది కనిపించదు, రిజిస్ట్రీలో ఆఫీస్ 16.0, కామన్, గ్రాఫిక్స్ కింద డిసేబుల్‌హార్డ్‌వేర్‌యాక్సిలరేషన్ అని మధ్యలో ఖాళీల్లేకుండా ఇంగ్లీషులో ఒక డీవర్డ్ (అంకె పెట్టుకునే ఎంట్రీ) సృష్టించి విలువ 1 ఇవ్వాలి. దానికి ముందు కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని వర్డ్ తెరవండి, సేఫ్ మోడ్‌లో వస్తుంది. అందులో బిగుసుకోకపోతే ముందు యాడ్-ఇన్‌లని (వర్డ్‌కి అదనంగా తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు) అనుమానించండి.

అడ్డగీత_నిలువుగీత

అప్‌డేట్: ట్రాన్సిషన్లు మార్చాక స్లైడ్ షో పూర్తిగా నడిచింది. రికార్డర్ తీసేసి, సాఫ్ట్‌వేర్ రెండరింగ్ టిక్ కూడా తీసేస్తే ఉత్తినే మూసుకుపోవడం ఆగింది, కానీ బయటి మానిటర్ మీద ఒకసారి తెర మళ్ళీ నల్లబడింది. రోల్ బ్యాక్ బటన్ పనిచేసింది, పాత డ్రైవర్‌తో ఇప్పటిదాకా 4101 పడలేదు. విండోస్ మళ్ళీ కొత్తది ఎక్కించేస్తుందేమో అని ఒక భయం.

మూడోపొర

ఎక్కించొచ్చు. అలా అయితే మళ్ళీ టిక్ పెట్టుకో, ఛార్టులకి ప్రాసెసర్ చాలు. ఇంకో పని కూడా చెయ్: అదే వ్యూ పేజీలో స్కియా లాగ్ కాపీ చేసే బటన్ ఉంటుంది, దాన్నీ అబౌట్‌లో వెర్షన్ వివరాలనీ జతచేసి బగ్ రిపోర్ట్ పెట్టు. తేడా చేసే డ్రైవర్ల జాబితా ఒకటి ప్రోగ్రామ్‌తోనే వస్తుంది, అందులో ఉన్న డ్రైవర్ కనిపిస్తే వల్కన్‌ని అదే పక్కన పెట్టేస్తుంది. నీ డ్రైవర్ వెర్షన్ అందులోకి చేరితే మిగతావాళ్ళకి ఈ తలనొప్పి ఉండదు. ఈలోగా లోడ్/సేవ్ పేజీలో ఆటోరికవరీ 10 నిమిషాలకి పెట్టి ఉంటుంది, తగ్గించుకో.

అడ్డగీత_నిలువుగీత

ఆటోరికవరీ 3 నిమిషాలకి మార్చాను. రిపోర్ట్ రాస్తున్నా, 4101 వివరాలు కూడా అందులోనే పెట్టేస్తాను.